బాలింత ఆయాసం వెనక గుండె వైఫల్యం: నల్లగొండ జిల్లా నుంచి ఒక కేసు

ఆమెకు 26 ఏళ్లు. ఊరు దేవరకొండ వైపు ఒక పల్లె. రెండో కాన్పు, సిజేరియన్ అయ్యి పన్నెండో రోజు. అర్ధరాత్రి దాటాక 108లో నల్లగొండకు, మా ఎమర్జెన్సీకి తీసుకొచ్చారు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టబోతే పడుకోలేక లేచి కూర్చుంది. రెండు చేతులూ అంచుకు ఆనించి, ముందుకు వంగి ఊపిరి తీసుకుంటోంది. చెవుల్లో దూది, తలకు గట్టిగా కట్టిన గుడ్డ, మెడంతా చెమట. అత్తమ్మ చేతిలో మందుల కవరు ఉంది. అందులో దగ్గు సిరప్, యాంటీబయాటిక్ మాత్రలు, ఒక ఇన్‌హేలర్.

గుర్తుపట్టే వివరాలు మార్చి, ఆమె, ఆమె భర్త ఇద్దరూ సరే అన్న తరువాతే ఈ కేసు రాస్తున్నాను. కాన్పు సమయంలో వచ్చే గుండె వైఫల్యాన్ని వైద్యంలో పెరిపార్టమ్ కార్డియోమయోపతి అంటాం. అరుదైన జబ్బు అని పుస్తకాల్లో చదివి పక్కన పెట్టేస్తాం గానీ, బాలింతలను చూసే ప్రతి డాక్టరూ, నర్సూ, ఏఎన్‌ఎమ్మూ దీన్ని మనసులో పెట్టుకోవాలి. ఎందుకంటే దీన్ని పట్టుకోవడానికి మొదట కావలసింది పెద్ద మిషన్ కాదు, సరైన ప్రశ్న: పడుకుంటే ఆయాసం పెరుగుతోందా, లేచి కూర్చుంటే తగ్గుతోందా?

ఆ ప్రశ్నకు జవాబు ఆ రాత్రి అత్తమ్మే అడక్కుండా చెప్పింది. "నాలుగు దినాల సంది దమ్ము సార్. పగటీలి జర మంచిగనే ఉంటది. రాత్రి పండుకుంటె చాలు, దగ్గు ఎత్తుకుంటది. గోడకు ఆనుకొని కూసుంటెనే జర కన్ను మూస్తది. పండుకోవే బాలింతవు, నడుము పోతదని నేను పండబెట్టుడు, అది లేచి కూసునుడు."

వెల్లకిలా పడుకుంటే ఆయాసం, కూర్చుంటే ఉపశమనం. నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి కిటికీ దగ్గరికి పోవడం. ఇవి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతోందని చెప్పే లక్షణాలు. ఉబ్బసం కూడా రాత్రిళ్లే ఎక్కువవుతుంది, నిజమే. కానీ ఈమెకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం లేదు, ఇంట్లో ఎవరికీ లేదు. 26 ఏళ్ల మనిషికి కాన్పైన వారానికి మొదటిసారి ఉబ్బసం వచ్చిందనుకోవడం కన్నా, గుండె గురించి ఆలోచించడం న్యాయం.

వెనక్కి వెళ్లి అడిగితే ఇంకొన్ని విషయాలు బయటపడ్డాయి. తొమ్మిదో నెలలో కాళ్ల వాపులొచ్చాయి. "కడుపుతోని ఉన్నోళ్లకు నీరు పడుతది" అని ఊరుకున్నారు. చివరి రెండు వారాల్లో బీపీ 150/100 దాకా పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ కనిపించింది, బీపీ తగ్గించే లాబెటలాల్ మొదలుపెట్టారు. అంటే ప్రీఎక్లాంప్సియా. కాన్పు తరువాత మాత్రలు ఆపేశారు, బీపీ మళ్లీ ఎవరూ చూడలేదు. కాన్పైన వారానికి దగ్గు మొదలైంది. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో నెబ్యులైజేషన్ పెట్టారు, యాంటీబయాటిక్ ఇచ్చారు. మనిషి నీరసంగా ఉందని రెండు సెలైన్ బాటిళ్లు ఎక్కించారు. ఆ రాత్రే పరిస్థితి చెయ్యి దాటింది.

సెలైన్ గురించి ఒక మాట చెప్పాలి. లీటరు నార్మల్ సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. అర లీటరు బాటిళ్లు రెండంటే ఆ 9 గ్రాములూ ఒక్క పూటలో నేరుగా రక్తంలోకి పోయినట్టే. మంచి గుండె దాన్ని కిడ్నీలకు పంపి వదిలించుకుంటుంది. బలహీనపడ్డ గుండె వదిలించుకోలేదు. మన ఊళ్లలో "గ్లూకోజు ఎక్కిస్తె బలమొస్తది" అన్న నమ్మకం ఎంత గట్టిదంటే, డాక్టరు వద్దన్నా పేషెంట్ వాళ్లు అడిగి మరీ పెట్టించుకుంటారు. ఆయాసపడుతున్న బాలింతకు ఎకో, అంటే గుండె స్కాన్, తియ్యకుండా సెలైన్ ఎక్కించకూడదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

పరీక్ష చేసినప్పుడు కనిపించినవి: నాడి నిమిషానికి 128, బీపీ 150/100, శ్వాస 36, గదిలో గాలి మీద ఆక్సిజన్ 86 శాతం. జ్వరం లేదు. మెడ నరాలు పొంగి ఉన్నాయి. రెండు ఊపిరితిత్తుల అడుగు భాగాల్లో చెమ్మ శబ్దం. గుండె దగ్గర స్టెతస్కోప్ పెడితే గుర్రం పరుగులా మూడు చప్పుళ్లు. కాలేయం చేతికి తగులుతోంది. పాదాల మీద బొటనవేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. సిజేరియన్ గాయం మాత్రం శుభ్రంగా ఉంది.

ఈసీజీలో నాడి వేగం, పక్క లీడ్లలో టీ అలలు తలకిందులు కావడం తప్ప పెద్దగా ఏమీ లేదు. ఎక్స్‌రేలో గుండె పెద్దదై, ఊపిరితిత్తులు రెండు పక్కలా మబ్బు పట్టినట్టున్నాయి. న్యుమోనియా అయితే సాధారణంగా ఒక పక్క ఎక్కువగా ఉంటుంది, జ్వరం ఉంటుంది. హిమోగ్లోబిన్ 8.9. రక్తహీనత ఉన్న మాట నిజమే, కానీ ఈ స్థాయి ఒక్కటే మనిషిని ఇంత ఆయాసపెట్టదు. గుండె మీద ఒత్తిడి పడితే రక్తంలో పెరిగే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ 4,800. ఈ రక్తపరీక్షను గర్భిణులకు, బాలింతలకు ఇంకా ఎక్కువగా వాడాలని నా అభిప్రాయం. మామూలు గర్భంలో ఇది పెద్దగా పెరగదు. 300 లోపు ఉంటే గుండె వైఫల్యం దాదాపు లేనట్టే, ఎక్కువుంటే ఎకోకు పంపాల్సిందే. ఎకో అందుబాటులో లేని చోట కూడా రక్తం తీసి పంపగలుగుతాం.

ఆ రాత్రి బెడ్ పక్కనే ఎకో చూశాం. మన ప్రాంతంలో కాన్పు దగ్గర ఆయాసం అంటే నేను మొదట వెతికేది గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం. చిన్నప్పుడు కీళ్లవాతం వచ్చి కవాటం ఇరుకైన అమ్మాయిలు ఇప్పటికీ కనిపిస్తున్నారు. చాలామందికి ఆ సంగతి గర్భం వచ్చేదాకా తెలియదు. ఈమె కవాటం బాగానే తెరుచుకుంటోంది. చెడింది కండరం. ఒంటికి రక్తం పంపే గది, ఎడమ జఠరిక, మొత్తం మందకొడిగా కదులుతోంది, కొంచెం కూడా బిగువు లేదు. ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ముడుచుకున్న ప్రతిసారీ లోపలి రక్తంలో బయటికి నెట్టే వాటా, 28 శాతం. మామూలుగా 55 పైన ఉండాలి. జఠరిక వెడల్పు 58 మిల్లీమీటర్లు. గర్భం చివర్లో గానీ కాన్పు తరువాత నెలల్లో గానీ, వేరే కారణం లేకుండా, ఈ శాతం 45 లోపు పడిపోతే అది పెరిపార్టమ్ కార్డియోమయోపతి. ప్రీఎక్లాంప్సియాలో బీపీ వల్ల కూడా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది గానీ, అప్పుడు గుండె ముడుచుకునే శక్తి సాధారణంగా బాగానే ఉంటుంది. ఈ తేడా ఎకో తప్ప ఇంకేదీ చెప్పదు.

జబ్బు ఎందుకొస్తుంది? పూర్తి జవాబు ఇంకా లేదు, కొన్ని ముక్కలు తెలిశాయి. పాలు పడటానికి కారణమైన ప్రొలాక్టిన్ హార్మోను కొందరిలో ముక్కలై, అందులో 16 కిలోడాల్టన్ల ముక్క గుండెలోని సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తుందని 2007లో జర్మనీ పరిశోధకులు చూపించారు. మాయ నుంచి వచ్చే, రక్తనాళాల పెరుగుదలను అడ్డుకునే ఒక ప్రొటీన్ కూడా ఇదే పని చేస్తుందని 2012లో తేలింది. ప్రీఎక్లాంప్సియాలో ఎక్కువయ్యేది ఆ ప్రొటీనే. అందుకే బీపీ పెరిగిన గర్భిణులకు, కవలలు మోసేవాళ్లకు ముప్పు ఎక్కువ. 30 దాటినవాళ్లకు కూడా ఎక్కువే. కొందరిలో టైటిన్ అనే కండర ప్రొటీన్ జన్యువులో లోపం ఉంటుందని 2016లో బయటపడింది. కుటుంబంలో చిన్న వయసులో గుండె ఆగి పోయినవాళ్లున్నారా అని అడిగేది అందుకే.

ఇంకో ముక్క మన అత్తమ్మలకు, అమ్మమ్మలకు సంబంధించింది. ఉత్తర నైజీరియాలోని హౌసా వాళ్లలో ఈ జబ్బు చాలా ఎక్కువ. దాదాపు వంద కాన్పులకు ఒకటి చొప్పున చూశారు. అక్కడ బాలింత ఉప్పు బాగా ఉన్న గంజి తాగుతుంది, వేడి చేసిన మట్టి మంచం మీద పడుకుంటుంది, కాగే నీళ్లతో స్నానం చేస్తుంది. వేడి, ఉప్పు రెండూ కలిసి గుండె మీద బరువు పెంచాయని అక్కడ పనిచేసిన వైద్యులు రాశారు. మన దగ్గర కూడా బాలింత పత్యం ఉంది. మూసిన గది, సాంబ్రాణి పొగ, వేడి నీళ్లు. వీటివల్లే జబ్బు వస్తుందని నేను అనను. ప్రేమతో చేసే పనులవి. కానీ జబ్బు మొదలైన గుండెకు మూసిన గది, ఊరుమిరపకాయలు, ఎండు చేపల ఉప్పు మేలు చెయ్యవు. పైగా బాలింత గదిలోంచి బయటికి రాకపోవడం వల్ల నాలుగడుగులు వేస్తే దమ్ము వస్తోందన్న సంగతే ఇంట్లోవాళ్లకు తెలియకుండా పోతుంది.

మొదటి రాత్రి

ఆమెను కూర్చోబెట్టే ఉంచాం. మాస్క్‌తో ఆక్సిజన్ ఇస్తే 90 దాటలేదు, దాంతో మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మిషన్ పెట్టాం. మాస్క్ బిగించగానే భయపడి లాగేసింది. నర్సు పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "నాతో పాటే ఊపిరి తీసుకో అమ్మా" అని చెబుతుంటే కొద్దిసేపటికి అలవాటుపడింది. ఈ దశలో మందు ఎంత ముఖ్యమో ఆ చెయ్యి అంత ముఖ్యం. ఒంట్లో నీటిని మూత్రంగా దింపే ఫ్రూసెమైడ్ 40 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చాం. బీపీ పై అంకె 110 కంటే బాగా ఎక్కువగా ఉంది కాబట్టి రక్తనాళాలను సడలించే నైట్రోగ్లిజరిన్ డ్రిప్ నిమిషానికి 10 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి పెంచాం. తెల్లారేసరికి లీటరున్నర పైన మూత్రం వచ్చింది, శ్వాస 24కి దిగింది. ఆరు గంటలకు మొదటిసారి గోడకు కాక దిండుకు ఆనుకుంది.

ఆ రాత్రి ఇవ్వనివి కూడా రాయాలి. సెలైన్ ఇవ్వలేదు. సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ ఇవ్వలేదు, అది గుండెను ఇంకా పరుగెత్తిస్తుంది. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ ఇవ్వలేదు, నీరు దిగకముందే ఇస్తే ఉన్న శక్తి కూడా తగ్గుతుంది. రక్తం ఎక్కించలేదు. ఇది భర్తకు అర్థం కావడానికి టైం పట్టింది. "సార్, రక్తం తక్కువున్నదంటున్నరు, నా రక్తమే తీసుకోండ్రి" అని చెయ్యి చాపాడు. పొంగిపోయే కుండలో ఇంకో చెంబు పోసినట్టవుతుందని, నీరు దిగాక ఇనుము నరంలోకి ఇస్తామని చెప్పాం. అలాగే చేశాం.

హైదరాబాద్‌కు పంపాలా వద్దా అన్నది ఇక్కడి ప్రతి డాక్టరుకూ తెలిసిన టెన్షన్. నల్లగొండ నుంచి సుమారు 100 కిలోమీటర్లు. ఆయాసంతో పడుకోలేని మనిషిని, ఊపిరికి ఒత్తిడి ఇచ్చే మిషన్ లేని బండిలో, అర్ధరాత్రి పంపడం ప్రమాదం. ముందు నిలబెట్టాలి, తరువాత ఆలోచించాలి. బీపీ 90 కంటే పడిపోయినా, చేతులు కాళ్లు చల్లబడినా, మూత్రం ఆగినా, నాడి లయ తప్పినా, ఊపిరికి గొట్టం వెయ్యాల్సి వచ్చినా మాత్రం ఆలస్యం లేకుండా గుండె సర్జరీ, ఐసీయూ ఉన్న పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. అలాంటి పరిస్థితికి ఏ బండి, ఎవరు వెంట వెళ్లాలి, ఎక్కడ బెడ్ ఉంది అన్నది ముందే మాట్లాడి పెట్టుకున్నాం. ఈమెకు ఆ అవసరం రాలేదు. హైదరాబాద్ కార్డియాలజిస్ట్ ఫోన్‌లో రోజూ అందుబాటులో ఉన్నారు.

గడ్డ

మరుసటి రోజు కార్డియాలజిస్ట్ వివరంగా ఎకో తీస్తే గుండె కొనలో చిన్న రక్తపు గడ్డ కనిపించింది. కాన్పు దగ్గర రక్తం సహజంగానే తొందరగా గడ్డకట్టే గుణంతో ఉంటుంది. దానికి తోడు గుండె సరిగ్గా ముడుచుకోకపోతే లోపల రక్తం నిలిచిపోతుంది. ఆ గడ్డ కదిలితే పక్షవాతం, లేదా కాలికి రక్తం ఆగిపోవడం. 739 మంది తల్లుల వివరాలు 49 దేశాల నుంచి సేకరించిన యూరప్ కార్డియాలజీ సొసైటీ రిజిస్ట్రీలో, ఆరు నెలల్లో సుమారు 7 శాతం మందికి ఇలాంటి గడ్డల సమస్య వచ్చింది, 6 శాతం మంది చనిపోయారు. రక్తం పలచబడే మందులు, ఎనాక్సాపరిన్ 60 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, తరువాత వార్ఫరిన్ మొదలుపెట్టాం. ఎజెక్షన్ ఫ్రాక్షన్ బాగా పడిపోయిన బాలింతకు గడ్డ కనిపించకపోయినా, రక్తం పలచబడే మందు గురించి ఆలోచించాలి.

పాలు

రెండో రోజు ఆమె అడిగిన మొదటి ప్రశ్న తన గుండె గురించి కాదు. "పాప పాలు తాగొచ్చా సార్?"

ఈ జబ్బులో పాలు ఆపాలా అన్నది నిజంగా తేలని విషయం. ప్రొలాక్టిన్ మీద అనుమానం ఉంది కాబట్టి దాన్ని తగ్గించే బ్రోమోక్రిప్టిన్ ఇస్తే గుండె కోలుకుంటుందన్న ఆశ ఉంది. 2010లో దక్షిణాఫ్రికాలో 20 మంది తల్లుల మీద, 2017లో జర్మనీలో 63 మంది మీద పరిశీలించారు. దక్షిణాఫ్రికాలో మందు తీసుకున్నవాళ్లు బాగా కోలుకున్నారు. కానీ చాలా చిన్న అధ్యయనం. జర్మనీలో వారం ఇచ్చినవాళ్లనూ ఎనిమిది వారాలు ఇచ్చినవాళ్లనూ పోల్చారు తప్ప, అసలు ఇవ్వనివాళ్లతో పోల్చలేదు. 2018 నాటి యూరప్ మార్గదర్శకాలు కూడా ఇవ్వాలని గట్టిగా చెప్పలేదు, ఇవ్వొచ్చేమో ఆలోచించమన్నాయి. ఇస్తే రక్తం పలచబడే మందు తోడుగా ఉండాలన్నాయి.

మేము ఇవ్వలేదు. ఆమెకు బీపీ ఎక్కువ. బ్రోమోక్రిప్టిన్ బాలింతల్లో బీపీని ఇంకా పెంచవచ్చు. గుండెలో అప్పటికే గడ్డ ఉంది, ఈ మందుతో గడ్డల ముప్పు కూడా ఉంది. మూడోది పాప, ఈ మందుతో తల్లిపాలు ఆగిపోతాయి. రెండున్నర కిలోల పసిబిడ్డకు బోరు నీళ్లు కాచి, కొలత ప్రకారం డబ్బా పాలు కలిపి, సీసా ఉడకబెట్టి, నెలల తరబడి చెయ్యడం ఆ ఇంట్లో సాధ్యమా అని అత్తమ్మను అడిగితే నిజాయితీగా తల అడ్డంగా ఊపింది. విరేచనాలతో పాపను పోగొట్టుకునే ప్రమాదాన్ని నేను చిన్నచూపు చూడలేను. అమెరికాలో 100 మంది తల్లులను ఏడాది పాటు గమనించిన అధ్యయనంలో, పాలిచ్చిన తల్లుల గుండె కోలుకోవడంలో వెనకబడలేదు. బీపీ పడిపోయి షాక్‌లో ఉన్న తల్లి అయితే, ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఇంకా కింద ఉంటే, ఇంట్లో డబ్బా పాలకు వసతి ఉంటే నా నిర్ణయం వేరుగా ఉండేదేమో.

మొదటి మూడు రోజులు ఆమెకు కూర్చుని పాలిచ్చే శక్తి లేదు. నర్సు పాలు పిండి, అత్తమ్మ చేత ఉగ్గుగిన్నెతో పట్టించింది. సీసా ఇవ్వనివ్వలేదు. పాపను కొంచెం నిటారుగా ఒళ్లో పెట్టుకోవాలి. గిన్నె ముక్కు కింది పెదవికి ఆనించి, పాప నాలుక చాపి అందుకునేదాకా ఆగాలి. గొంతులోకి పోయకూడదు. అత్తమ్మ ఎప్పుడో తన పిల్లలకు పట్టిన అలవాటు, రెండోసారికే చెయ్యి కుదిరింది. నాలుగో రోజు నుంచి ఆమే దిండ్లకు ఆనుకుని పాలిచ్చింది. రాత్రి ఒక పూట మాత్రం పిండిన పాలు అత్తమ్మ పట్టేది, తల్లికి నాలుగు గంటల నిద్ర కలిసొచ్చేలా.

పాలిచ్చే తల్లికి గుండె మందులు ఏవీ పనికిరావని చాలామంది ఆపేస్తుంటారు. అది తప్పు, దానివల్ల ప్రాణం పోతుంది. ఎనలాప్రిల్, మెటోప్రొలాల్, స్పైరోనోలాక్టోన్, ఫ్రూసెమైడ్, వార్ఫరిన్, ఎనాక్సాపరిన్ ఇవన్నీ పాలిచ్చే తల్లికి ఇవ్వవచ్చు. ఈమెకు ఎనలాప్రిల్ 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయాం. ఊపిరితిత్తులు పూర్తిగా ఆరిన తరువాత మెటోప్రొలాల్ చిన్న మోతాదులో చేర్చాం. పొటాషియం, క్రియాటినిన్ చూసుకుంటూ స్పైరోనోలాక్టోన్ 25 ఇచ్చాం. సాక్యుబిట్రిల్ వాల్సార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త మందులు పక్కన పెట్టాం. పాలల్లో వాటి సంగతి సరిపడా తెలియదు.

కడుపుతో ఉన్నప్పుడే ఈ జబ్బు బయటపడితే లెక్క పూర్తిగా మారుతుంది. అప్పుడు ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్, వార్ఫరిన్ బిడ్డకు హాని చేస్తాయి. హైడ్రాలజీన్, నైట్రేట్లు, ఫ్రూసెమైడ్, మెటోప్రొలాల్, హెపారిన్ మీద నడిపించాలి. కాన్పు గదిలో రక్తస్రావం ఆపడానికి వాడే మిథర్జిన్ ఇవ్వకూడదు, ఆక్సిటోసిన్ నెమ్మదిగా ఇవ్వాలి. కాన్పైన మొదటి రెండు రోజులు ఒళ్లంతా కళ్లు చేసుకుని చూడాలి. గర్భసంచి ముడుచుకున్నాక రక్తం ఒక్కసారిగా గుండెకు చేరేది అప్పుడే.

ఇక్కడే సిజేరియన్ మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. అందువల్ల మన దగ్గర బాలింత ఆయాసానికి చెప్పుకోవడానికి కారణాలు దండిగా దొరుకుతాయి. మత్తు మందు పడలేదు, కుట్ల నొప్పికి గట్టిగా ఊపిరి తీసుకోవట్లేదు, చల్ల గాలి తగిలింది. ఇవన్నీ వినడానికి నమ్మకంగానే ఉంటాయి. వింటూనే ఒక ఈసీజీ, ఒక ఎకో తియ్యాలి.

ఇంటికి

తొమ్మిదో రోజు డిశ్చార్జ్ చేశాం. ఆ రోజు ఎక్కువ సేపు పట్టింది మందుల చీటీ కాదు, బరువు సంగతి. రోజూ పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, తినకముందు బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చెయ్యాలి. ఇంట్లో తూకం లేదు. అంగన్‌వాడీలో ఉందని ఆశా కార్యకర్త గుర్తుచేసింది. ఇంటికి నాలుగిళ్ల అవతలే అంగన్‌వాడీ. పాపను ఎత్తుకుని అక్కడిదాకా నడిచి రావడమే ఒక పరీక్ష, ఆయాసం వచ్చిందో లేదో తెలిసిపోతుంది.

వార్ఫరిన్ వాడుతున్నప్పుడు ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంత పలచబడిందో చెప్పే కొలత, 2 నుంచి 3 మధ్య ఉండాలి. దేవరకొండలో రక్తం ఇచ్చి, రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో పంపితే మోతాదు చెప్పేవాళ్లం. మధ్యలో ఒకసారి ఐఎన్‌ఆర్ బాగా పడిపోయింది. మందు మరిచిందేమో అనుకుని అడిగితే, రక్తం పడుతుందని రోజూ రెండు పూటలా పాలకూర పప్పు పెడుతున్నారని తెలిసింది. ఆకుకూరలు మానమని చెప్పలేదు. రక్తహీనత ఉన్న మనిషికి అలా చెప్పకూడదు. రోజూ ఒకే కొలతలో తినమని, ఒక రోజు గంపెడు, ఒక రోజు ఏమీ లేకుండా చెయ్యొద్దని చెప్పాం. తరువాత కుదురుకుంది.

ఆరు వారాలకు ఎజెక్షన్ ఫ్రాక్షన్ 38. మూడు నెలలకు 45, గడ్డ పూర్తిగా కరిగిపోయింది, వార్ఫరిన్ ఆపాం. ఆరు నెలలకు 52. తొమ్మిది నెలలకు 56, జఠరిక 49 మిల్లీమీటర్లు. మొదటి రోజే ఆశ పెట్టుకోవడానికి ఒక కారణం ఉంది. పైన చెప్పిన అమెరికా అధ్యయనంలో శాతం 30 లోపు, జఠరిక 60 మిల్లీమీటర్లు దాటడం, ఈ రెండూ కలిసి ఉన్నవాళ్లెవరూ ఏడాదిలో పూర్తిగా కోలుకోలేదు. రెండూ లేనివాళ్లలో పదికి తొమ్మిది మంది కోలుకున్నారు. ఈమెకు ఒకటే ఉంది. చాలామందిలో గుండె మొదటి ఆరు నెలల్లో తిరిగి బలం పుంజుకుంటుంది కాబట్టి, గుండె లయ తప్పితే కరెంటు షాక్ ఇచ్చే, ఒంట్లో అమర్చే ఐసీడీ మిషన్ గురించి తొందరపడకూడదు. ముందు మందులు సరైన మోతాదుకు తీసుకెళ్లి ఎదురుచూడాలి.

మూడో కాన్పు

ఇద్దరూ ఆడపిల్లలే. మూడో నెల చెకప్‌కు వచ్చినప్పుడు అత్తమ్మ బయట నన్ను ఆపి అడిగింది. "గుండె మంచిగైంది గద సార్, ఇంకొక్క కాన్పు చూడొచ్చా? ఒక్క మగపిలగాడు..." కోపం తెచ్చుకుంటే ఆ మాట మళ్లీ నా దాకా రాదు, ఇంట్లోనే నిర్ణయమైపోతుంది. కూర్చోబెట్టి చెప్పాను. ఈ జబ్బు వచ్చి మళ్లీ గర్భం దాల్చిన 44 మంది తల్లుల వివరాలు 2001లో ప్రచురించారు. గుండె పూర్తిగా కోలుకోకముందే గర్భం వచ్చినవాళ్లలో 19 శాతం మంది చనిపోయారు. కోలుకున్నవాళ్లలో ఎవరూ చనిపోలేదు, కానీ వాళ్లలోనూ అయిదుగురిలో ఒకరికి గుండె వైఫల్యం మళ్లీ వచ్చింది. "కొడుకు కోసం చూస్తే ఇద్దరు ఆడపిల్లలకు తల్లి లేకుండా పోవచ్చమ్మా" అని చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "నా బిడ్డ లాంటిదే సార్ అది" అంది.

గర్భం రాకుండా చూసుకోవడం ఇక్కడ గుండె చికిత్సలో భాగమే. ఎనలాప్రిల్, వార్ఫరిన్ మీద ఉండగా గర్భం వస్తే బిడ్డకూ ప్రమాదం. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు, అంటే మాలా-ఎన్ లాంటివి వద్దు, అవి గడ్డలు పెంచుతాయి. వార్ఫరిన్ నడిచినన్నాళ్లు నిరోధ్ వాడమన్నాం. రక్తం పలచబడే మందు మీద, అదీ రక్తహీనతతో, కాపర్ టీ వేస్తే నెలసరి ఎక్కువై ఇంకా నీరసపడేది. వార్ఫరిన్ ఆపి, హిమోగ్లోబిన్ 11 దాటాక కాపర్ టీ వేశారు.

శాశ్వత ఆపరేషన్ మాట వచ్చినప్పుడు అందరూ ఆమె వైపే చూశారు. ఆమె గుండె ఇప్పుడిప్పుడే కుదురుకుంటోందని, మత్తు మందు, కడుపు కోత మళ్లీ ఆమెకే ఎందుకని భర్తతో అన్నాను. అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. "మగోడు బరువులెత్తేటోడు సార్, బలం తగ్గుతది." కోత, కుట్టు లేని వేసెక్టమీలో వీర్యనాళాన్ని మాత్రమే మూస్తామని, బలానికీ మగతనానికీ సంబంధం లేదని, అదే రోజు ఇంటికి పోవచ్చని భర్తకు విడిగా వివరించాం. కొద్ది నెలలు ఆలోచించుకుని ఆయనే ముందుకొచ్చాడు. మూడు నెలల తరువాత వీర్యపరీక్షలో కణాలు లేవని తేలేదాకా కాపర్ టీ తియ్యొద్దని చెప్పాం.

ఇప్పుడు పాపకు ఏడాది దాటింది. ఫ్రూసెమైడ్, స్పైరోనోలాక్టోన్ ఆపాం. ఎనలాప్రిల్, మెటోప్రొలాల్ నడుస్తున్నాయి. గుండె పూర్తిగా కోలుకున్నాక కనీసం ఏడాది పాటు ఇవి ఉండాలి. "మంచిగైంది గదా, గోళీలెందుకు" అని మధ్యలో మానేస్తే కొందరిలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ మళ్లీ జారిపోతుంది. ఆ ఏడాది నిండాక ఒక్కో మందు విడివిడిగా తగ్గిస్తాం, తగ్గించిన ప్రతిసారీ రెండు మూడు నెలలకు ఎకో చూస్తాం, ఆ తరువాత ఏటా ఒకసారి. పత్తి ఏరడానికి పోవచ్చా అని కిందటిసారి అడిగింది. పొద్దున, సాయంత్రం పొమ్మన్నాం. మిట్టమధ్యాహ్నం ఎండలో వద్దని, మూటలు తలకెత్తుకోవద్దని చెప్పాం.